నా లెక్కలో ఫస్ట్ మేరీ కోమ్

మా నర్సీపట్నం హాస్టల్లో బాక్సింగ్ మాటొస్తే అందరూ టైసన్, అలీ అంటారు. హెవీవెయిట్ వాళ్లే గొప్పోళ్లా? బరువు పక్కనపెట్టి చూస్తే మన దేశంలో నా లెక్కన ఫస్ట్ మేరీ కోమ్. మణిపూర్ కోమ్ తెగ, మనలాగే ఎస్టీ.

45, 46, 48 కిలోల్లో కలిపి ఆరు వరల్డ్ గోల్డులు. మొదటిది 2002, చివరిది 2018. మధ్యలో పిల్లల తల్లి కూడా అయింది. ఐతే నేను ఎక్కువ మార్కులు వేసేది 2012 లండన్ కాంస్యానికి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగ్ అప్పుడే మొదలు. పెట్టింది మూడే వెయిట్లు: 51, 60, 75. ఆమె 48 లేనే లేదు. బరువు పెంచుకుని, తనకంటే పెద్దోళ్లతో కొట్లాడి సెమీస్ దాకా వెళ్లింది. "సన్నగా ఉన్నావ్, నీకెందుకురా" అని సెలెక్షన్‌కే పంపని మనోళ్లు ఎంతమందో!

రెండు, నిజామాబాద్ నిఖత్ జరీన్. 2022లో 52 కిలోల్లో, 2023లో 50లో వరల్డ్ ఛాంపియన్. 2019 ట్రయల్స్‌లో మేరీ చేతిలో 9-1తో ఓడింది నిజమే, కానీ ఒక్క బౌట్‌తో ర్యాంకు తేలదు.

మూడు విజేందర్, 75 కిలోలు, 2008 బీజింగ్ కాంస్యం. అతనే ముందుండాలనేవాళ్లు మీ లెక్కేంటో చెప్పండి.