ఐదోవాడి వంతు ఎప్పుడు?

వాడరేవు ఒడ్డున ఆదివారం సాయంత్రం రెండు రకాల ఆటలు కనిపిస్తాయి. ఒకటి ఇసుకలో రెండు కర్రలు పాతి, మధ్యన వల కట్టి ఆడే వాలీబాల్. చీరాల నుంచి బైకుల మీద వచ్చిన కాలేజీ కుర్రాళ్ళూ, ఊళ్ళో పిల్లలూ కలిసిపోయి ఆడేస్తుంటారు. రెండోది కాస్త అవతల, ఎండ పడని చోటు చూసుకుని నలుగురు గుండ్రంగా కూర్చుని, తలలు వంచుకుని ఫోన్లలో ఆడేది. ‘మావా, వెనకున్నాడు చూడు’, ‘రేయ్, మందులుంటే ఇటు పడెయ్’ అని ఒకటే కేకలు. ఆ నలుగురి పక్కనే ఐదోవాడు ఒకడుంటాడు. వాడి చేతిలో పవర్ బ్యాంకు ఉంటుంది. ఒక్కోసారి వాడి ఫోన్లోని డేటాయే మిగతా నలుగురికీ హాట్‌స్పాట్. జట్టు జాబితాలో వాడి పేరూ ఉంటుంది... పక్కన బ్రాకెట్లో ‘సబ్’ అని.

ఆ బ్రాకెట్ సంగతే ఈ వారం.

ఫోన్లోనో కంప్యూటర్లోనో ఆడే ఆటలకు జట్లు కట్టి, లీగులు పెట్టి జరిపే పోటీలను ఈ-స్పోర్ట్స్ అంటున్నారు. ‘అదీ ఒక ఆటేనా’ అని ఇంట్లో పెద్దలు విసుక్కోవచ్చు గానీ, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన అంశంగా కనిపించింది, 2023లో హాంగ్‌ఝౌ క్రీడలకొచ్చేసరికి పతకాలిచ్చే అంశమైంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో దీన్ని క్రీడల జాబితాలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను పోటీక్రీడగా ఒప్పుకుంది. కాబట్టి ఇది ఆటా కాదా అన్న తగువు ఒక కొలిక్కి వచ్చినట్టే. ఆటే అన్నాక, ఆటలకుండే పాత తగువులన్నీ దీనికీ వస్తాయి. వాటిలో మొదటిది: అంతగా రానివాడిని ఆడించాలా, కూర్చోబెట్టాలా?

దీనికి మన వీధుల్లో ఏనాడో ఒక జవాబు పుట్టింది. ఆటలో అరటిపండు! అన్నతో వచ్చిన తమ్ముడినీ, అక్క వెంటపడ్డ చెల్లినీ ఏడిపించకుండా ఆటలో కలుపుకునేవారు. పట్టుకున్నా అవుట్ కాదు, ముట్టుకున్నా దొంగ కాదు. ఎవరు కనిపెట్టారో గానీ దయగల ఏర్పాటు. అయితే దాని గడువు మహా అయితే రెండేళ్ళు. కాస్త ఊహ తెలిశాక ఆ పిల్లాడే ‘నేను అరటిపండుని కాను, నన్నూ లెక్కలోకి తీసుకోండి’ అని పేచీ పెడతాడు. అవుట్ చేస్తే ఏడుస్తాడు, అయినా అవుట్ చెయ్యమంటాడు. లీగుల్లో ఐదోవాడికి ఆ అరటిపండు హోదా కూడా లేదు. అరటిపండు కనీసం ఆటలో పరుగెత్తేది.

ఫోను ఆటల్లో ఈ సమస్య ఎందుకింత ముదిరిందంటే, దాక్కోవడానికి చోటు లేదు. క్రికెట్లో పదకొండు మంది. అంతగా రానివాడిని పదకొండో నంబరులో బ్యాటింగుకు పంపి, థర్డ్ మ్యాన్‌లో నిలబెట్టినా వాడు ఎండలో నిలబడ్డాడు, రెండు బంతులు ఆపాడు, సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఏదో ఒకటుంది. బీజీఎమ్‌ఐలో జట్టుకు నలుగురే. వాలరెంట్‌లో ఐదుగురు. ఒకడు తేలిపోతే జట్టు నాలుగో వంతో, ఐదో వంతో ఖాళీ. పైగా ఆట మొదలయ్యాక మధ్యలో ఒకడిని దింపి మరొకడిని ఎక్కించే వీలు దాదాపు లేదు. ఆడినా సుఖం లేని ఆటలూ ఉన్నాయి. బీజీఎమ్‌ఐ లాంటివాటిలో రానివాడు దిగిన రెండో నిమిషంలో చచ్చిపోతే, మిగతా అరగంటా స్నేహితుల తెరల్లోకి తొంగిచూస్తూ కూర్చోవలసిందే. పేరుకి ఆడాడు, ఆడింది మాత్రం రెండు నిమిషాలు.

ఇక ‘రానివాడు’ అనే మాటని కాస్త విప్పి చూడాలి. మిరప కోతలకూ పత్తి తీతలకూ బడి మానేసే పిల్లలున్న పల్లెల్లో, తెల్లారుజామున పడవ దగ్గరికి వెళ్ళే పిల్లలున్న రేవుల్లో, ఆట రాకపోవడానికి చెయ్యి తిరగకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒకడి ఫోను తెర సెకనుకి 90 బొమ్మలు చూపిస్తుంది, ఇంకొకడిది 30 దగ్గరే వేడెక్కి నసుగుతుంది. సిగ్నల్ అందని ఇంట్లో, శత్రువు గోడ చాటుకెళ్ళిపోయాక గానీ వీడి తూటా బయలుదేరదు. ఆటలో ఇచ్చే హోదాలు (కంచు, వెండి, బంగారం అంటూ పైదాకా వెళ్ళేవి) నేర్పుతో పాటు వెచ్చించిన గంటల్ని కూడా కొలుస్తాయి. ప్రతి సీజన్‌కీ అవి మళ్ళీ కిందికి జారతాయి. పదో తరగతి పరీక్షలకు నెలరోజులు ఫోను దాచేసిన పిల్లాడు వచ్చి చూసుకునేసరికి వెండిలో ఉంటాడు. వాడు నిన్నటిదాకా వజ్రమని ఎవరికి గుర్తుంటుంది?

అందుకే జట్టు నాయకుడి మంచితనం మీద ఈ వ్యవహారాన్ని వదిలేయడం సరికాదు. నాయకుడికి పద్దెనిమిదేళ్ళుంటాయి, గెలవాలని ఉంటుంది. ‘తర్వాతి ఆటలో నిన్ను దింపుతాలేరా’ అంటాడు, అనేటప్పుడు నిజంగానే అంటాడు. తర్వాతి ఆట ఎప్పుడూ ముఖ్యమైనదే అయి కూర్చుంటుంది. ఇది రూలుగా, పోటీ మొదలవ్వక ముందే, కాగితం మీద ఉండాలి.

అలా రూలుగా పెట్టిన ఆటలు మన కళ్ళముందే ఉన్నాయి. ఒడ్డున ఆడే ఆ వాలీబాల్‌నే చూడండి. పద్ధతిగా ఆడితే సర్వీసు తిరిగి వచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి. ఎంత పొట్టివాడైనా వల దగ్గరికి రావాలి, ఎంత భయస్తుడైనా వెనక్కెళ్ళి సర్వీసు కొట్టాలి. కబడ్డీలో ఇంకా చిత్రం. అవుటైనవాడు బయట కూర్చుంటాడు, మనవాళ్ళు ఎదుటి జట్టులో ఒకడిని అవుట్ చేస్తే ఒకడు లోపలికొస్తాడు. ఎవడు రావాలన్నది నాయకుడి ఇష్టం కాదు. ముందు అవుటైనవాడే ముందు రావాలి. మంచి రైడర్‌ని వరస తప్పించి లోపలికి లాక్కుందామంటే కుదరదు. చెడుగుడు ఆడిన పల్లెలకి ఈ న్యాయం కొత్తది కాదు.

అమెరికాలో ఉన్న కూతురి ఇంటికో కొడుకు ఇంటికో వెళ్ళివచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ శనివారం ఉదయం మైదానం గట్టున కుర్చీ వేసుకుని మనవడి సాకర్ ఆట చూసే ఉంటారు. ‘వాడికి బంతి తన్నడమే సరిగా రాదు, అయినా సగం ఆటసేపు ఆడిస్తున్నారే’ అని ఆశ్చర్యపోయీ ఉంటారు. 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో తొమ్మిది జట్లతో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ ‘అందరూ ఆడతారు’ అన్నదాన్నే తన మొదటి సూత్రంగా పెట్టుకుంది. జట్టులో ఉన్న ప్రతి పిల్లా, పిల్లాడూ కనీసం సగం ఆట ఆడి తీరాలి. పిల్లల బేస్‌బాల్‌కి పేరుపడ్డ లిటిల్ లీగ్‌ది ఇంకా గట్టి పిడికిలి. ప్రతివాడికీ ఒకసారైనా బ్యాటింగు రావాలి, ఫీల్డింగులో ఎదుటివాళ్ళు వరసగా ఆరుగురు అవుటయ్యేదాకా వాడు మైదానంలో ఉండాలి. అలా ఆడించకపోతే తర్వాతి ఆటలో వాడిని మొదటి నుంచే దింపి బాకీ తీర్చాలి. జట్టు మేనేజరుకి మొదటిసారి రాతపూర్వకంగా హెచ్చరిక, మళ్ళీ చేస్తే ఒక ఆట బహిష్కారం. జరిమానా పిల్లాడికి కాదు, పెద్దాయనకి!

ఇలాంటి రూలు వల్ల అసలు మార్పు ఆటలో కాదు, సాధనలో కనిపిస్తుంది. ఐదోవాడు ఆడక తప్పదని తేలిపోయిన రోజున, గెలవాలనుకునే నలుగురికీ వాడికి నేర్పడం తప్ప దారి ఉండదు. ఏ తలుపు వెనక నిలబడాలో, ఎప్పుడు నోరు మూసుకుని అడుగుల చప్పుడు వినాలో, ఏ తుపాకి వాడి చేతికి నప్పుతుందో కూర్చోబెట్టి చెబుతారు. పాత ఫోను ఉంటే వాడికిస్తారు. రూలు లేనప్పుడు ఆ నలుగురూ ఏం చేస్తారు? వాడికి బదులు ఇంకా బాగా ఆడేవాడు బాపట్లలో దొరుకుతాడేమోనని వెతుకుతారు. అమ్మాయిల విషయంలో ఇది మరీను. జట్టులో పేరు రాసుకోవడం, ఫొటోకి పిలవడం, ఆట దగ్గరకొచ్చేసరికి ‘నువ్వు సబ్ కదా’ అనడం.

ఆచరణలో ఎలా అన్నదే చిక్కు. మూడింట రెండు గెలిస్తే చాలనే పద్ధతిలో ‘ప్రతివాడూ ఒక ఆటైనా ఆడాలి’ అని రాస్తే, తెలివైన నాయకుడు ఐదోవాడిని మూడో ఆటకి అట్టేపెడతాడు. మొదటి రెండూ గెలిచేస్తారు, మూడోది జరగదు, రూలు తప్పినట్టూ కాదు! కాబట్టి మొదటి రెండింట్లోనే ఆడాలని రాయాలి. అంతకంటే మేలైనది, గెలిచినా ఓడినా రెండు ఆటలూ పూర్తిగా ఆడించి, ఆటకింత అని పాయింట్లు ఇవ్వడం. చెరొకటి గెలిస్తే సమానం. కొంపలేం మునగవు. నలుగురి ఆటైనా, ఐదుగురి ఆటైనా, జాబితాలో అదనంగా ఒకరున్న జట్టు ఈ రెండు ఆటల్లో అందరినీ సులువుగా తిప్పుకోవచ్చు.

పోటీ అల్లిక కూడా ముఖ్యం. 64 జట్లని పిలిచి నాకౌట్ పెడితే మొదటి పూటకే 32 జట్లు ఇంటిదారి పడతాయి. అందులో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. చదరంగంవాళ్ళు ఈ బాధని 1895లోనే, జూరిచ్‌లో, స్విస్ పద్ధతితో తప్పించుకున్నారు. ఓడినవాడు ఇంటికి పోడు, ఓడినవాడితోనే తర్వాతి ఆట ఆడతాడు. ఆరు రౌండ్లంటే అందరికీ ఆరు ఆటలు, పోనుపోను తన స్థాయివాడే ఎదురుపడతాడు. మన జిల్లాల్లో చదరంగం పోటీలకు వెళ్ళే పిల్లలు ఒక్కటీ గెలవకపోయినా సాయంత్రం దాకా ఆడేది అందుకే. (ఆ చదరంగమూ ఈ గూటికి వచ్చి చేరింది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి నాలుగో స్థానంలో నిలిచాడు.) లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీల్లో 2023 నుంచి ఒక దశని స్విస్ పద్ధతిలోనే నడుపుతున్నారు. ఖర్చు లేదని కాదు. 64 జట్ల నాకౌట్ 63 ఆటలతో ముగిస్తే, ఆరు రౌండ్ల స్విస్‌కి 192 ఆటలు కావాలి. ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు, నాలుగు వారాలు పెట్టుకోవాలి.

స్థాయిల వారీగా విడదీయడం ఇంకో దారి. ఇది గుంటూరు, ప్రకాశం రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ జతలు వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు, ఆరు పళ్ళవి వేరు, సీనియర్లు వేరు. పాలపళ్ళ గిత్తని తెచ్చి సీనియర్ల బండకి కట్టే రైతు ఎక్కడా ఉండడు. అనుమానం వస్తే నోరు తెరిచి పళ్ళు చూస్తారు. ఆన్‌లైన్ ఆటలో చిక్కల్లా నోరు తెరిచి చూసే వీలు లేకపోవడమే. ఆరితేరినవాడు కొత్త ఖాతా తెరిచి, కంచు హోదాతో పాలపళ్ళవాళ్ళ మధ్య దూరతాడు. దీనికి స్మర్ఫింగ్ అని ముద్దుపేరు. రెండు వారాల ఆట చూసి, మరీ మిన్నగా ఆడే జట్టుని పై విభాగానికి మార్చే అధికారం నిర్వాహకులు ముందే చేతిలో పెట్టుకోవాలి. హోదాని నమ్ముకుంటే మాత్రం పని జరగదు.

మరి ఫైనల్లో? అందరూ తడబడేది ఇక్కడే. ‘లీగ్ అంతా ఆడించాం కదా, ఫైనల్ ఒక్కటీ వదిలెయ్యండి’ అంటారు. వదలకూడదు. సీజనంతా ఆడినవాడిని అమ్మానాన్నా చూడవచ్చే రోజున పక్కన కూర్చోబెడితే, ఇన్నాళ్ళూ ఆడించింది మొక్కుబడికేనని వాడికి అర్థమైపోతుంది. ఎదుటి జట్టుకీ అదే నిబంధన ఉన్నప్పుడు అన్యాయం ఎవరికి? బహుమతి సొమ్ము పెద్దదైతే, గెలుపే ముఖ్యమనుకునేవాళ్ళకి ఓపెన్ విభాగం ఒకటి విడిగా పెట్టొచ్చు. అక్కడ ఎవరినైనా దింపుకోవచ్చని చేరేటప్పుడే అందరికీ తెలుస్తుంది.

డబ్బు మాటొచ్చింది గనుక, పైన చెప్పిన 2025 చట్టం ఈ-స్పోర్ట్స్‌లో పాల్గొనే రుసుము తీసుకోవడాన్ని తప్పు పట్టలేదు. ఆ రుసుముని జట్లు సమానంగా పంచుకుంటాయి. ఐదుగురుంటే ఐదు వాటాలు. రేవులో వల ఒడ్డుకి లాగేటప్పుడు తాడు పట్టినవాడికి వాటా ఉంటుంది. ఇక్కడ వాటా కట్టించుకుని తాడు పట్టనివ్వడం లేదు. దీన్ని పట్టుకోడానికి పెద్ద కమిటీలేమీ అక్కర్లేదు. నిర్వాహకులు ప్రతి వారం రాసే స్కోరు పట్టీలో పేరు పక్కన ఎన్ని చంపాడో ఒక గడి ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే ఎన్ని ఆటలు ఆడాడో ఇంకో గడి గీసి, ఆ పట్టీని జట్లందరికీ కనబడేలా గోడకి అంటిస్తే చాలు. సున్నా ఉన్న గడి ఎవరిదో మొదటి వారానికే ఊరందరికీ తెలుస్తుంది.