బిడ్డ చనిపోతే మనోళ్లు, బతికుంటే వలసోళ్లా?

  కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

గుత్తి కోయల సంగతి ఎప్పుడొచ్చినా మన పిల్లల్లో రెండు మాటలే వినిపిస్తాయి. "పాపం, వాళ్లూ ఆదివాసీలే కదా" అని ఒకరంటారు. "జాలిపడితే సరిపోద్దా? మన అడవి, మన రిజర్వేషన్ ఏమైపోవాలి?" అని ఇంకొకరు. రాత్రి అన్నాలయ్యాక మా రూముల్లో కూడా ఇదే గొడవ చాలాసార్లు అయింది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ ఒక్క మాటతోనూ దారి దొరకదు. మేం కూర్చుని మాట్లాడుకుని అనుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

తెలియని తమ్ముళ్ల కోసం ముందు అసలు విషయం. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టుల్ని ఎదుర్కోవడం పేరుతో, ప్రభుత్వ అండతో నడిచింది. ఊళ్లు కాలాయి. జనాన్ని క్యాంపులకు తోలారు. క్యాంపుకి పోతే ఒకరికి కోపం, పోకపోతే ఇంకొకరికి కోపం. మధ్యలో నలిగిన మురియా ఆదివాసీలు అడవుల గుండా అప్పటి ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి ఏజెన్సీల్లోకి వచ్చేశారు. అలా వచ్చినవాళ్లు సుమారు 50 వేల మంది ఉంటారని వాళ్ల మధ్య పనిచేసేవాళ్లు అంచనా చెబుతారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుంను ఆపమంది. గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి ఎస్పీవోలుగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధమంది. తీర్పు వచ్చింది గానీ, తీర్పుతో కాలిన ఇల్లు లేవదు కదా. వాళ్లని గుత్తి కోయలు అంటున్నది ఇక్కడివాళ్లం. వాళ్లు మాత్రం మురియాలమనే చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆ పాప సంగతి. 2020లో బీజాపూర్ జిల్లా నుంచి ములుగు జిల్లాకు మిర్చి ఏరడానికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. పని లేదు, బస్సు లేదు. తోటి కూలీలతో అడవి దారిన మూడు రోజులు, వంద కిలోమీటర్లకు పైగా నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇక దగ్గరే అనగా ప్రాణం పోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణమన్నారు డాక్టర్లు. ఆ పాప నిర్వాసితురాలు కాదు, కూలికొచ్చి తిరిగి వెళ్తున్న పిల్ల. కానీ నిర్వాసితులు వచ్చింది కూడా ఆ అడవుల్లోంచే, బతుకుతున్నది కూడా ఆ మిర్చి చేల మీదే. దేశమంతా ఆ పాప గురించి మాట్లాడింది. కొన్ని రోజులే. మిర్చి కోతలకు కావాల్సిన జనం, ఊళ్లో ఉంటామంటే మాత్రం ఎవరికీ అక్కర్లేని జనం అయిపోయారు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. 2015 సెప్టెంబరు 2న సిరియా నుంచి పారిపోతున్న కుర్దు కుటుంబంలోని రెండేళ్ల బాబు సముద్రంలో మునిగి టర్కీ తీరానికి కొట్టుకొచ్చాడు. ఎర్ర చొక్కాతో ఇసుకలో బోర్లా పడున్న ఆ ఫోటో ప్రపంచం మొత్తం చూసింది. శరణార్థుల్ని రానివ్వాలా వద్దా అని దేశదేశాల్లో చర్చ. కెనడా 25 వేల మంది సిరియన్లను తీసుకుంది. జర్మనీకి ఆ ఒక్క ఏడాదే సుమారు 9 లక్షల మంది వచ్చారు. మరి 2016 మార్చి 18న ఏమైంది? గ్రీసు దీవులకు వచ్చినవాళ్లని వెనక్కి పంపేలా యూరప్ దేశాలు టర్కీతో ఒప్పందం చేసుకున్నాయి. ఫోటోకి, ఒప్పందానికి మధ్య ఆరున్నర నెలలు. జాలి ఆయుష్షు అంతే. అందుకే మేం జాలి అడగడం లేదు.

ఇంకోవైపు మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు, ప్లాంటేషన్ గొడవలో ఒక ఫారెస్టు రేంజ్ ఆఫీసర్‌ని గుత్తి కోయలు నరికి చంపారు. అది ఘోరం. ఆయనకీ కుటుంబం ఉంది. కొద్ది రోజులకే బెండాలపాడు పంచాయతీ గుత్తి కోయల్ని ఛత్తీస్‌గఢ్‌కి పంపేయాలని తీర్మానం చేసింది. 2023లో కోర్టు ఇద్దరికి జీవిత ఖైదు వేసింది. లెక్క చూడండి. కోర్టు శిక్షించింది ఇద్దరిని. తీర్మానం శిక్షించమన్నది గూడేన్ని, అందులోని పసిపిల్లలతో సహా. మనలో ఒకడు తప్పు చేస్తే "ఏజెన్సీ వాళ్లంతా ఇంతే" అన్నప్పుడు మనకెంత మండుతుందో మనకి తెలుసు.

అయితే మనోళ్ల భయం ఉత్తదా? కాదు. ఆ పాప చనిపోయిన నాలుగో రోజే, 2020 ఏప్రిల్ 22న, ఏజెన్సీ టీచరు పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. డీఎస్సీ మీద ఆశపెట్టుకున్న అక్కలు, అన్నలు ఎంత దెబ్బతిన్నారో మన ఊళ్లలో చూశాం. 1/70 చట్టం ఉన్నా భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. ఉన్న కాస్తా జారిపోతుంటే, కొత్తగా ఎవరొచ్చినా భయమే వేస్తుంది. కానీ ఒక్కటి అడుగుతున్నాం. జీవో 3 పోయింది మురియాల వల్లా? 1/70కి తూట్లు పొడిచింది వాళ్లా? మనకి జరిగిన నష్టానికి, మనకంటే లేనోడి మీద కోపం తీర్చుకుంటున్నాం.

మా ఉద్దేశంలో వాళ్ల అవసరాల్ని రెండు కట్టలుగా విడగొట్టాలి. అన్నీ కలిపి మాట్లాడుతున్నంత కాలం ఈ గొడవ తెగదు.

మొదటి కట్ట: మన వాటాలోంచి ఏమీ తీసుకోనివి. తాగేనీళ్లు, రేషన్, అంగన్‌వాడీ, బడి, టీకాలు, ఆధార్. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత చదువు హక్కని 2009 చట్టం చెబుతోంది. ఏ రాష్ట్రం పిల్లలని అందులో అడగలేదు. అంగన్‌వాడీ గుడ్డుకి కుల పత్రం అక్కర్లేదు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు పౌరులకి ఉంది. మురియాలు భారత పౌరులే. దేశం దాటితే శరణార్థులు, రాష్ట్రం దాటితే నిర్వాసితులు. అంతే తేడా. ఈ కట్టకి మనం అడ్డు చెప్పడానికి ఒక్క కారణం కూడా మాకు కనపడలేదు.

రెండో కట్ట: మన వాటాని తాకేవి. ఎస్టీ సర్టిఫికెట్, భూమి. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలే. కానీ ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి ఆ హోదా ఇక్కడికి వెంట రాలేదు. అదే 19వ అధికరణం, షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం ఈ హక్కుకి సహేతుకమైన హద్దులు పెట్టొచ్చని కూడా చెబుతోంది. అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబరు 13 గీత ఉంది. ఆ తేదీ తర్వాత నరికిన పోడుకి పట్టా రాదు. కొత్తగా అడవి నరకడాన్ని మేం సమర్థించం. కానీ అదే చట్టంలో 3(1)(ఎం) అనే క్లాజు ఉంది. ఆ తేదీకి ముందు అక్రమంగా నిర్వాసితులై, పరిహారం అందనివాళ్లకి ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం హక్కని అందులో ఉంది. సల్వా జుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. మొదటి నెలల్లో ఊళ్లు వదిలినవాళ్లకైనా ఇది దారి చూపాలి. ఇంటికి వెళ్తామనేవాళ్లకి సొంతూళ్లో భూమి, భద్రత ఛత్తీస్‌గఢ్ చూపాలి. ఉంటామనేవాళ్ల సంగతి స్థానిక కోయలు, మురియాలు ఒకే గ్రామసభలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఖర్చు కేంద్రం పెట్టుకోవాలి. పేద కోయ సెంటు భూమిలోంచి పేద మురియాకి కోసిమ్మనడం న్యాయం కాదు.

"చింతూరు ఎక్కడ, చింతపల్లి ఎక్కడ? మనకెందుకు?" అనే అన్నలకి ఒక మాట. 2022లో అల్లూరి జిల్లా పెట్టినప్పుడు రెండూ అందులోకే వచ్చాయి. అది పక్కన పెట్టండి. ఆ టర్కీ తీరం ఫోటో వచ్చిన రెండు నెలలకి, 2015 నవంబరులో, మన జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ కోసం ఇస్తూ జీవో 97 వచ్చింది. మన పెద్దోళ్లు కొట్లాడారు, 2019లో అది రద్దయింది. రద్దు కాకపోయుంటే? ఆ గూడేల జనం ఏ ఊరి శివార్లో టార్పాలిన్ కట్టుకుని ఉండేవారు? అక్కడివాళ్లు ఏమని పిలిచేవారు? పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. అందులో ఎక్కువమంది మన ఆదివాసీలే. నిర్వాసితులంటే వేరే జాతి కాదు, ఇంకా వంతు రాని మనమే.

మన సంఘాల పెద్దలకి మా విన్నపం రెండే. ఒకటి, ఈసారి ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రాల్లో మురియా గూడేల పిల్లల బడి, అంగన్‌వాడీ, నీళ్ల సంగతి ఒక అంశంగా చేర్చండి. రెండు, భూమి, సర్టిఫికెట్ విషయాల మీద మీటింగ్ పెడితే వాళ్లలో చదువుకున్న పిల్లల్నీ పిలవండి. వాళ్ల గురించి వాళ్లు లేకుండా తీర్మానం చేయొద్దు. మన గురించి మనం లేకుండా జీవోలు ఇచ్చినప్పుడు మనం అడిగిందీ ఇదే.

మేం చెప్పిన దాంట్లో తేడా ఉంటే రాయండి, మాట్లాడుకుందాం. తిట్టుకోకుండా.