రెండు నెలల సిపాయి, పది నెలల ఇల్లు

"రెండు నెలల సిపాయి కొలువుకు ఏడాది పొడుగూతా ఉరుకుడెందుకు వదినా? గా పిల్లను చూస్తే పానం తరుక్కుపోతుంది, మొఖమంతా నల్లగైంది" అంది మా ఆడపడుచు. పోయిన ఆదివారం, మా ఇంట్లోనే, నేను కాల్చిన జొన్నరొట్టెలు తింటూ. పెనం మీద రొట్టె ఉంది కాబట్టి అప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఊరుకునే రకాన్ని కాదని మీకు తెలుసు కదా, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

మా అమ్మాయి ఇక్కడే నారాయణపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తుంది. కాలేజీలో ఎన్‌సీసీ చేసింది, సి సర్టిఫికెట్ ఉంది. ఇప్పుడు టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసరు పరీక్ష రాస్తానంటోంది. ధోనికి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది ఈ సైన్యంలోనే అంటే మీకు వెంటనే గుర్తొస్తుంది. 1949 అక్టోబరు 9న రాజాజీ ప్రారంభించారు. సికింద్రాబాద్‌లో కూడా దీని పటాలం ఒకటుంది. ఉద్యోగమో వ్యాపారమో ఉండి, సొంత సంపాదన ఉన్నవాళ్ళే దీనిలో చేరాలి. వయసు 18 నుంచి 42. ఆఫీసరుగా ఎంపికైతే మొదటి ఏడు ఒక నెల ప్రాథమిక శిక్షణ, ప్రతి ఏడూ రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్ళలో ఎప్పుడైనా చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో మూడు నెలలు. మిగతా రోజులు ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి కొలువు వాళ్ళది.

(సొంత సంపాదన అనే షరతు చూసి నవ్వొచ్చింది. నాకు 44, వయసు ఎట్లాగూ దాటిపోయింది. దాటకపోయినా గృహిణి అన్న మాటతో ఆ దరఖాస్తు నింపలేం. కానీ ఆ సిపాయిని పది నెలలు మేపేది మాత్రం మనమే.)

మా ఆడపడుచు లెక్క ఇక్కడే తప్పింది. పూర్తికాలం సైనికుణ్ణి పొద్దున లేపేవాడు ఉంటాడు, ఉరికించేవాడు ఉంటాడు, మెస్సులో తిండి ఉంటుంది. రోజంతా అతని పని అదే. టెరిటోరియల్ ఆర్మీ మనిషి పది నెలలు బల్ల ముందు కూర్చుని లెక్కలు దిద్దుతాడు, దుకాణంలో సరుకు కడతాడు, పెళ్ళిళ్ళకు పోయి బగారన్నం తింటాడు. ఆ తర్వాత క్యాంపుకు పోతే అక్కడ "నువ్వు పార్ట్‌టైమ్ కదా, మెల్లగా ఉరుకు" అని ఎవరూ అనరు. 2025 మే నెలలో సరిహద్దులో ఉద్రిక్తత పెరిగినప్పుడు, 32 టెరిటోరియల్ ఇన్‌ఫెంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను విధుల్లోకి దించడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ పిలుపు వచ్చినప్పుడు ఒంట్లో బలం ఉందా లేదా అన్నది అంతకుముందు ఇంట్లో గడిచిన నెలల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది నాకు మొదటి నుంచీ తెలిసిన సంగతి కాదు. మా మరిది కొడుకు వల్ల తెలిసింది.

వాడికి మొబైల్ రిపేరు దుకాణం ఉంది. రెండేళ్ళ కింద సిపాయి ర్యాలీకి పోతానన్నాడు. ర్యాలీ అంటే 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్-అప్స్, 9 అడుగుల గుంత దుంకుడు. పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించి, 10 పుల్-అప్స్ తీస్తే పూర్తి మార్కులట. తేదీ ఇరవై రోజులుందనగా మొదలుపెట్టాడు. ఆరేళ్ళు కుర్చీలో కూర్చున్న పిలగాడు మొదటి రోజే యాద్గిర్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు ఉరికాడు, అదీ చెప్పుల దుకాణంలో కొన్న పలచటి బూట్లతో. ఇంట్లో పండగ! పొద్దున్నే బాదం పాలు, నాలుగు గుడ్లు, రాత్రి మటన్. పన్నెండో రోజుకు మోకాలి కింద ఎముక నొప్పి. "పెద్దమ్మా, ఏం కాదు, పట్టేసింది" అని బామ్ రుద్దుకుని ఉరికాడు. పదహారో రోజు కాలు కింద పెట్టలేకపోయాడు. ఎముకలో సన్నటి చీలిక. ఆరు వారాలు పరుగు మాటెత్తొద్దన్నాడు డాక్టరు. ర్యాలీ ఎటుపోయిందో అటే పోయింది.

అప్పుడు ఆ డాక్టరు చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి, ఎముక అంత తొందరగా పడదు. దమ్ము వచ్చింది కదా అని మనిషి ఉరుకుతాడు, ఎముక ఇంకా వెనకే ఉంటుంది. ఇరవై రోజుల్లో దాన్ని తొందరపెట్టే మందు ఏదీ లేదు.

ఇక నా తప్పు సంగతి. ఆ ఇరవై రోజులూ వాడు మా ఇంట్లోనే తిన్నాడు. నాలుగు గుడ్లు ఉడకబెట్టింది నేనే. అప్పటికే మా అమ్మాయి ఎన్‌సీసీ పరేడ్‌కు పొద్దున ఆరింటికి పోయి తొమ్మిదింటికి వచ్చేది. ఆమెకు నేను పెట్టింది చాయ్, రెండు బిస్కెట్లు. అట్లా పెట్టాలని ఎవరూ చెప్పలేదు, నా చెయ్యే అట్లా అలవాటు పడింది. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే అని తేలింది. అది పేపర్లో చదివి "అయ్యో" అనుకున్నదాన్నే. మా ఇంట్లోనే ఒకరు ఉన్నారని తెలియదు. రక్తం తక్కువున్న పిల్లకు ఉరికితే దమ్ము రాదు, మనమేమో "ఆడపిల్ల కదా, అంతే ఉరుకుతుంది" అంటాం.

ఇప్పుడు అసలు కొట్లాటకు వస్తాను. "ఆడోళ్ళకు వేరే ఎక్సర్‌సైజెందుకు, ఇంటిపనే పెద్ద ఎక్సర్‌సైజు" అనే మాట. ఇది మగవాళ్ళ కంటే మన ఆడవాళ్ళమే ఎక్కువ అంటాం, ఏదో గొప్పగా. పనితో ఒళ్ళు గట్టిపడేదైతే మా అత్తమ్మ ఈపాటికి కొండలెక్కాలి. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసింది, దానికి తోడు ఇంటెడు చాకిరీ. ఇప్పుడు నాలుగు మెట్లెక్కలేదు, నడుము వంగదు. శిక్షణలో బరువు కొంచెం కొంచెంగా పెంచుతారు, మధ్యలో విశ్రాంతి ఇస్తారు, పనికి తగ్గ తిండి పెడతారు. ఇంటిపనిలో ఈ మూడింటిలో ఏదుంది చెప్పండి? నిన్న ఎంతో ఇవాళా అంతే పని, ఆదివారం ఇంకాస్త ఎక్కువ, తిండి అందరూ తిన్నాక మిగిలింది. మా అమ్మాయి పొద్దున ఉరికొచ్చి, వాకిలి ఊడ్చి, బడికి పోయి, సాయంత్రం గిన్నెలు తోమాలంటే, ఆ పిల్ల కండ ఎప్పుడు కోలుకోవాలి? మరిది కొడుకు ఉరికొచ్చి మంచం మీద పడుకుంటే "పాపం, అలిసిపోయిండు" అని ఫ్యాను వేసినవాళ్ళమే కదా మనం.

2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. టెరిటోరియల్ ఆర్మీ చట్టం ఆరో సెక్షన్‌లో 'ఎవరైనా వ్యక్తి' చేరవచ్చని ఉంది, వ్యక్తి అంటే ఆడవాళ్ళు కూడా అని. 1948 నాటి చట్టంలో ఉన్న ఒక్క మాటకు అర్థం తేలడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. తేలాక 2023 ఆఫీసరు ప్రకటనలో 19 ఖాళీలు వేశారు. మగవాళ్ళకు 18, ఆడవాళ్ళకు ఒకటి. దేశం మొత్తానికి ఒకటి! "ఆ ఒక్కటి నీ బిడ్డకే వస్తదా?" అని కూడా అడిగింది మా ఆడపడుచు. రాకపోవచ్చు. నేనేమీ భ్రమలో లేను. కానీ దేశానికి ఒక్క సీటే ఉందని చెప్పి ఇంట్లో గుడ్డు కూడా ఇవ్వకపోతే, రేపు పది సీట్లు వేసిన నాడు ఆ గీత దగ్గర నిలబడే పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు?

మా ఇంట్లో ఎనిమిది నెలలుగా ఏం మారిందో చెప్తాను. మొదటి మూడు వారాలు నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడక, అంతే. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు గుంజీలు, పుష్-అప్స్, ఒక రోజు ఏమీ లేదు. ఏమీ లేని రోజున ఇంటిపని కూడా లేదు, ఆ రోజు గిన్నెలు వాళ్ళ నాన్నవి. డాక్టరు రాసిన ఐరన్ గోళీ, పుంటికూర పప్పు, పల్లీలు, నిమ్మకాయ పిండిన పెసలు. తిన్న వెంటనే చాయ్ బంద్, ఎందుకంటే చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మంచి బూట్లు, దాంతోపాటు స్పోర్ట్స్ బ్రా కూడా కొన్నాం (దీని గురించి ఎవరూ మాట్లాడరు, అది లేక ఎంతమంది పిల్లలు పరుగు మానేశారో). నెలసరి తేదీలు క్యాలెండర్‌లో రాస్తున్నాం. సాధన పెరిగి తిండి చాలకపోతే నెలసరి ఆగుతుంది, ఎముక కూడా గుల్లబారుతుంది. అది కనబడితే ముందు తిండి పెంచాలి, పరుగు తగ్గించాలి.

మిలిటరీ పోలీసు విభాగంలో ఆడపిల్లలకు 1.6 కిలోమీటర్లకు 8 నిమిషాల గడువు ఉంది. ఇది వేరే విభాగమే, కానీ మేము దాన్నే గుర్తుగా పెట్టుకున్నాం. మొదలుపెట్టిన రోజు మా అమ్మాయికి 12 నిమిషాలు దాటింది. నిన్న 8 నిమిషాల 50 సెకన్లు.

ఇంట్లో చేయగలిగింది చేస్తున్నాం, చోటు మాత్రం మా చేతిలో లేదు. పాలమూరు ఎండలకు ఏడు దాటితే ఉరకలేం. ఐదింటికి పోదామంటే గ్రౌండు గేటు తీయరు. రోడ్డు మీద లారీలు, కుక్కలు, పైగా "ఏం సిస్టర్, ఎటు ఉరుకుతున్నవ్" అనే పోరగాళ్ళు. మా ఆయన టార్చి పట్టుకుని వెనక స్కూటీ మీద పోతున్నాడు. ప్రతి ఇంట్లో స్కూటీ తోలే నాన్న ఉండడు కదా. గేటు నాలుగున్నరకు తీయించాలని, రెండు లైట్లు, ఆడపిల్లలకు ఒక బాత్రూము కావాలని మా వీధి ఆడవాళ్ళం అర్జీ రాస్తున్నాం. ఇప్పటికి ఇరవై ఆరు సంతకాలయ్యాయి.

అన్నట్టు, మొన్న రాత్రి మా ఆడపడుచు బిడ్డ ఫోన్ చేసింది. ఇంటర్ రెండో ఏడు. "అత్తా, దసరా సెలవులకు మీ ఇంటికొస్త, నేను కూడా పొద్దుగాల ఉరకొచ్చా?" అంది. మీ అమ్మను అడిగినవా అంటే, "నువ్వే అడుగత్తా" అంది. మా ఆడపడుచు నేను రాసినవన్నీ చదువుతుంది. కాబట్టి అడిగినట్టే.