దాచిపెట్టే కొద్దీ ముదిరే రోగం

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు రెండు కంటైనర్లను ఆపి సోదా చేశారు. ఆఫ్ఘనిస్తాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వస్తున్న టాల్క్ రాళ్లని కాగితాల్లో రాసి ఉంది. లోపల దొరికింది దాదాపు 3 వేల కిలోల హెరాయిన్! సరుకు తెప్పించిన సంస్థ చిరునామా మన విజయవాడది. ఆ చిరునామా పేరుకు మాత్రమేనని పోలీసులు అప్పట్లో ప్రకటించారు. ఏమైతేనేం, ఎక్కడో కాందహార్‌కూ పంజాబ్‌కూ సంబంధించిన గొడవ అనుకున్నది తెలుగు గడప పేరు చెప్పుకుని దేశంలోకి వచ్చింది.

2022 ఏప్రిల్‌లో తాలిబన్ ప్రభుత్వం గసగసాల సాగును నిషేధించింది. మరుసటి ఏడాదికి అక్కడి పంట 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్య సమితి సంస్థ లెక్కకట్టింది. అయితే పంట తగ్గినంత మాత్రాన అలవాటుపడిన శరీరం ఊరుకోదు. పొడి దొరకని చోట మాత్రలు వెతుక్కుంటుంది.

ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ఈ సంగతినే చెబుతోంది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో హెరాయిన్ వాడేవారు 1.14 శాతం. అదే జాతికి చెందిన నొప్పి మందులను మత్తు కోసం వాడేవారు 0.96 శాతం. రెంటికీ పెద్ద తేడా లేదు. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఆ తర్వాత టపెంటడాల్ వంటి మాత్రల దుర్వినియోగం అనేక రాష్ట్రాల్లో బయటపడింది.

ఆదోని, ఎమ్మిగనూరు వాసులు ఆలోచించవలసింది ఇక్కడే. మనలో చాలామందికి హెరాయిన్ అంటే పత్రికల్లో చదివే మాట. నొప్పి మాత్ర అలా కాదు. జిన్నింగ్ ఫ్యాక్టరీలో మూటలు మోసేవాడికి, మగ్గం గుంటలో నడుము వంచి కూర్చునేవాడికి, సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలలో ఒళ్లు హూనం చేసుకునేవాడికి ఒంటి నొప్పులు నిత్యం ఉండేవే. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మాత్ర చేతికందితే, మొదట నొప్పి కోసం, తర్వాత హాయి కోసం, చివరికి అది లేకపోతే లేవలేక మింగవలసి వస్తుంది.

హెరాయిన్ గానీ ఈ మాత్రలు గానీ మెదడులో నొప్పినీ సుఖాన్నీ నడిపే చోటనే పనిచేస్తాయి. రోజులు గడిచే కొద్దీ అదే మోతాదు చాలదు. ఆపితే కొన్ని గంటల్లోనే ఆవులింతలు, కళ్లూ ముక్కూ కారడం, ఒళ్లు విరుపులు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులు నరకయాతన. మాత్రలు నూరి సూదితో ఎక్కించుకుంటే రక్తనాళాలు మూసుకుపోతాయి, పుండ్లు పడతాయి. ఒకరి సూది మరొకరు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి సోకుతాయి. మోతాదు మించితే ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. మద్యమో నిద్రమాత్రలో తోడైతే ఆ ప్రమాదం ఇంకా దగ్గర.

మన కుటుంబాలు గుర్తుంచుకోవలసిన మాట మరొకటుంది. కొంతకాలం మానినవాడి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. జైలు నుంచో, చికిత్స నుంచో తిరిగి వచ్చినవారు మళ్లీ పాత మోతాదే తీసుకుని చనిపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. రమజాన్‌లో తౌబా చేసి నెలంతా మానిన యువకుడికీ ఇదే వర్తిస్తుంది. పండుగ మర్నాడు పాత మిత్రులు పిలిస్తే ఆ ఒక్కసారే ప్రాణం తీయవచ్చు. అందుచేత నెల మానాడు, గండం గడిచిందని ఇంటివారు నిశ్చింతగా ఉండరాదు. అసలైన కాపలా అప్పుడే కావాలి.

మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమేనన్న దైవప్రవక్త (స) బోధ తెలియని ముస్లిం లేడు. హరామ్ అని చెప్పడం ఇమాముల విధి. అయితే ప్రతి రోగానికీ మందు ఉందని, చికిత్స చేయించుకోమని చెప్పిందీ ఆ ప్రవక్తే (స). మనం మొదటి మాట మాత్రం పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం. ఫలితంగా తండ్రి పరువు కోసం దాస్తాడు, తల్లి గాజులు అమ్మి అప్పులు తీరుస్తుంది, చెల్లెలి సంబంధం కుదిరేదాకా ఎవరూ నోరు విప్పరు. కొందరు గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు, కొందరు తాయెత్తు కట్టి ఊరుకుంటారు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో కదలలేక కాలిపోయారు. గొలుసు వైద్యం కాదని చెప్పడానికి అంతకు మించిన గుణపాఠం ఏం కావాలి?

పోలీసుల భయం కూడా చాలామందిని ఆపుతోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసు ఉన్న వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేసుకుంటే అతనిపై విచారణ ఉండదు. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

చికిత్స ఉంది. నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రతో యాతన తగ్గించి, మనిషిని పనిలో నిలబెట్టవచ్చు. ఒక మత్తు పోయి మరొకటి వచ్చినట్లే కదా అని కొందరి సందేహం. వైద్యుని అదుపులో, లెక్క ప్రకారం ఇచ్చే ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో 2005 నుంచి ఉంది. దాన్ని మత్తు సరుకుతో ఒకే గాట కట్టడం సరికాదు.

చికిత్స సలహాకు 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అమ్మేవారి సమాచారం రాష్ట్రంలో 1972కు చెప్పవచ్చు. మానసిక వైద్య విభాగం ఉన్న కర్నూలు పెద్దాసుపత్రికి ఎమ్మిగనూరు నుంచి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. నెలల తరబడి తిరగవలసి వస్తే పేద కుటుంబం మధ్యలోనే మానేస్తుంది. మస్జిద్ కమిటీలు ఆ బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి భరించగలిగితే ఎన్నో ప్రసంగాలు చేయలేని పని జరుగుతుంది. ఇమాములు జుమా ప్రసంగంలో ఈ రెండు నంబర్లూ చదివి వినిపించాలి. తప్పు చేసినవాడు తిరిగి వచ్చేందుకు అల్లాహ్ తన తలుపు తెరిచే ఉంచాడు. మన మస్జిద్ తలుపు, మన ఇంటి తలుపు వాడి ముఖాన మూసే అధికారం మనకెక్కడిది?