తీరిక వేళ: పల్లవి లేని పాట

పాటంటే పల్లవి ఉండాలి, చరణాలుండాలి, చివర మంగళం పాడి లేవాలి. ఇవేవీ లేకుండా గంటసేపు ఒకే నాదం మెల్లగా రంగులు మారుతూ సాగితే దాన్ని సంగీతమనవచ్చునా? మన పిల్లల్లో కొందరు చదువుకుంటూ, పడుకోబోతూ వింటున్నది ఇదే. యాంబియంట్ సంగీతమంటారు. "ఫ్రిజ్ చప్పుడుకి పేరు పెట్టి అమ్ముతున్నార్రా!" అని పెద్దలు వేళాకోళం చేస్తారు. నాకు మాత్రం ఇది మనకు మరీ కొత్తేమీ కాదనిపిస్తుంది.

కచేరీలో విద్వాంసుడు నోరు తెరవకముందే తంబూరా మొదలవుతుంది గదా. నాలుగే తీగలు. తీగ ఆనే చోట కింద చిన్న నూలుపోగు పెడతారు, దాని పేరు జీవ. అది సరిగ్గా కుదిరిందా, ఒక్క తీగలోంచే ఎన్నో పైస్వరాలు ఝుమ్మని లేస్తాయి. ఆ తంబూరాకు కరెంటు తగిలించింది కూడా మనకు దగ్గర్లోనే. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు, తానూ వేణువు వాయించేవారు, 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. ర్యాడెల్ పెట్టెలు వారివే. తంబూరా మీటడానికి వెనక కూర్చునే శిష్యుడి అవసరం తగ్గిపోయిందన్న బాధ నాకుంది. అయినా ఆ పెట్టె ఒక్కటే పెట్టుకుని, పాడకుండా, ఊరికే విన్నవారికి తెలుస్తుంది ఆ సుఖం.

పడమటి దేశాల్లో ఈ సంగీతానికి పేరు పెట్టినది బ్రయన్ ఈనో. 1975 జనవరిలో టాక్సీ గుద్ది మంచాన పడ్డాడు. చూడవచ్చిన స్నేహితురాలు ఇచ్చిన హార్ప్ రికార్డు పెట్టుకున్నాడు, చప్పుడు మరీ తక్కువ. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన. వానా, పాటా కలిసి వినబడ్డాయి. 1978లో విమానాశ్రయాల కోసమని ఒక రికార్డు చేశాడు. అందులో ఒకచోట టేపు ముక్కలను గుండ్రంగా అతికించి తిప్పాడు: ఒకటి ఇరవైమూడున్నర సెకన్లు, ఇంకొకటి దాదాపు 26, మరొకటి దాదాపు 30. నిడివి వేరు కాబట్టి అవి మళ్లీ అదే వరసలో కలవడమే అరుదు. జోడెద్దుల మెడల్లో గంటలు విన్నవారికి ఈ కిటుకు విప్పి చెప్పనక్కర్లేదు.

అహమ్మదాబాదు డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజర్ పెట్టి మనవాళ్లు చేసిన టేపులు కూడా 2023లో విడుదలయ్యాయి.

ఇక మా పేరేసంద్ర సంగతి. నాన్న పోయినప్పటినుంచి అమ్మకు రాత్రిళ్లు నిద్ర లేదు. బెంగళూరు నుంచి వచ్చిన మా తమ్ముడి కూతురు ఒక రాత్రి చిన్న స్పీకరులో ఇలాంటిదే పెట్టింది.

"ఇదేం పాటమ్మే, మాటలే లేవు?"

"మాటలుండవవ్వా. ఊరికే విను."

కాసేపటికి అమ్మ అంది: "రేష్మ పురుగు మేస్తా ఉన్నట్ల ఉంది."

నిజమే. నాలుగో జ్వరం దాటి లేచిన పురుగులు వారం రోజులు రాత్రనక పగలనక ఆకు నమిలేస్తాయి. తట్టల మధ్య నిలబడితే సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది. నలభై ఏళ్లు ఆ చప్పుడులోనే పడుకుంది అమ్మ. నాన్న పోయాక షెడ్డు మూసేశాం. ఇల్లు ఎందుకంత నిశ్శబ్దమైపోయిందో మాకెవరికీ తట్టలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందని చెప్పను. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు, నాన్న బేరాలు, ఒక ఏడు పంటంతా చచ్చిపోవడం, అన్నీ చెబుతూ కూర్చుంది. షెడ్డు పడగొట్టి కార్లకు జాగా చేద్దామని తమ్ముడి ఆలోచన. ఆ మాట ఇంకా ఆమె దగ్గర ఎత్తలేదు.

ఈ పేరుతో వచ్చేదంతా మంచిదని కాదు. చాలాభాగం సాగదీసిన పాకమే. వినదలిస్తే చెవుల్లో తీగలు వద్దు, గదిలో పెట్టండి. పైన ఫ్యాను తిరగడం కూడా వినబడేంత తక్కువగా పెట్టండి. ఇంట్లో నలుగురూ ఎవరి పని వారు చేసుకుంటూ వినవచ్చు.

పక్కవీధి వాళ్లు మొన్ననే చాకీ పురుగులు తెచ్చారట. ఇంకో పది రోజులకు నాలుగో జ్వరం లేస్తాయి. పాప ఫోను పట్టుకుని ఒక రాత్రంతా వాళ్ల షెడ్డులో కూర్చుని ఆ చప్పుడు పట్టుకొస్తానంటోంది. అమ్మ తనూ వస్తానంటోంది.