అటక మీది ఆట

1983 జూన్ 18. ఇంగ్లాండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్. ప్రపంచకప్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుంది. అక్కణ్నుంచి కపిల్‌దేవ్ 175 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. ఎలా ఆడాడో ఓసారి చూద్దామంటే మాత్రం కుదరదు. ఆ మ్యాచ్ టీవీలో రాలేదు. స్కోరుకార్డూ కొన్ని ఫొటోలూ చూసినవాళ్ల మాటలూ... మిగిలినవి అవే. 2021లో వచ్చిన ‘83’ సినిమాలో ఆ ఆటను నటులతో మళ్లీ ఆడించి చూపాల్సి వచ్చింది.

ప్రపంచకప్ మ్యాచ్‌కే ఆ గతి పడితే, భవానీపురం పిల్లలు ఆడిన స్కూలు పోటీల సంగతేమిటి? వాటికి స్కోరుకార్డు కూడా మిగలదు. ఉంటే గింటే ఓ వీడియో క్యాసెట్టు ఉంటుంది. పెళ్లి వీడియోలు తీసే అతణ్ని బతిమాలి తీయించిందో, అమెరికా నుంచి వచ్చిన బాబాయి తన హ్యాండీక్యామ్‌తో తీసిందో! ఇప్పుడది ఏ అటక మీదో, బీరువా అడుగునో ఉంటుంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని ‘ఎప్పుడో తీరిక దొరికినప్పుడు’ అనుకునేది కాదు. ఎందుకంటే టేపు ఎవరి తీరిక కోసమూ ఆగదు.

ఏది ముందు?

బెజవాడలో పాత క్యాసెట్లు దించితే చాలా ఇళ్లలో మొదట చేతికెత్తుకునేది 2002 నవంబరు 24 నాటి వన్డేని. ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగిన ఒకే ఒక్క పురుషుల అంతర్జాతీయ వన్డే అది. మార్లన్ శామ్యూల్స్ 75 బంతుల్లో 108 పరుగులు బాదితే వెస్టిండీస్ 315 చేసింది. భారత్ 180కే ఆలౌటై మ్యాచ్‌నూ, 4-3తో సిరీస్‌నూ అప్పగించింది. ఊరి జ్ఞాపకం కదా, ముద్దు ఉండటం సహజమే. కానీ ఆ ఆటను దేశమంతా చూసింది. రికార్డు చేసుకున్నవాళ్లు ఎందరో. పైగా టీవీ ప్రసారం మీద హక్కులు వేరేవాళ్లవి కాబట్టి, ఇంట్లో చూసుకోవడానికే తప్ప నలుగురికీ పంచడానికి పనికిరాదు.

అమ్మాయి ఆడిన స్కూలు ఫైనల్ అలా కాదు. దానికి లోకంలో ఉన్నది ఒక్కటే ప్రతి. అందుకే మొదటి వరుస దానిది. ఆ తర్వాతే శామ్యూల్స్!

టేపుకు శత్రువులు

వీడియో టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పూత. ఎండకూ, తేమకూ ఆ పూత చెడుతుంది. కృష్ణ ఒడ్డున తేమకు కొదవలేదు. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలాంటి మచ్చలు కనిపించాయంటే బూజు పట్టినట్టే. దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు. బూజు హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి టేపును కూడా పాడు చేస్తుంది. అలాంటివి టేపు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే అప్పగించాలి. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నగరంలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో బెజవాడ మరచిపోలేదు. కింది అరలో పెట్టిన టేపుకు ఒక్క రాత్రి చాలు.

రెండో చిక్కు యంత్రం. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. దాంతో కొత్త వీసీఆర్ల కథ ముగిసింది. ఉన్న పాతవి మరమ్మతు చేసేవాళ్లూ తగ్గిపోతున్నారు. కాబట్టి బంధువుల ఇంట్లో ఆడే వీసీఆర్ ఒకటి దొరికితే, దాన్ని పండగలా చూసుకోవాల్సిందే.

ఎక్కించే పద్ధతి

ముందు చేయాల్సిన పని చాలా చిన్నది. వీహెచ్ఎస్ క్యాసెట్టు వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేయాలి. అది లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత బొమ్మ చెరిగిపోదు. తర్వాత టేపును ఒకసారి చివరిదాకా ముందుకూ, మళ్లీ మొదటికీ తిప్పాలి. ఏళ్ల తరబడి అతుక్కుని ఉన్న చుట్ట వదులవుతుంది.

వీసీఆర్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు, పసుపు వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేయొచ్చు. వీసీఆర్‌కూ పరికరానికీ ఎస్-వీడియో ఉంటే పసుపు వైరు బదులు అది వాడాలి, బొమ్మ ఇంకాస్త శుభ్రంగా వస్తుంది. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది. ఇందులో దగ్గరి దారి లేదు.

మినీ డీవీ టేపు అయితే కథ వేరు. అందులో ఉన్నది ముందే డిజిటల్. కెమెరాను ఫైర్‌వైర్‌తో కలిపితే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. కొత్త కంప్యూటర్లలో ఆ ద్వారం ఉండదు కాబట్టి, మూలన పడిన పాత కంప్యూటర్ ఇక్కడ అక్కరకొస్తుంది. గంట ఆటకు సుమారు 13 జీబీ కావాలి. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. అంటే 19 నిమిషాలకే తెగిపోతుంది, అదీ మంచి ర్యాలీ మధ్యలో! ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి మార్చుకుంటే ఆ బాధ లేదు.

ఇంకో మాట. అమెరికా బాబాయి కెమెరాతో తీసిన టేపు మనదేశపు పాల్ పద్ధతిలో ఉండదు, ఎన్‌టీఎస్‌సీలో ఉంటుంది. వీసీఆర్, క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ రెండూ దానికి ఒప్పుకోవాలి. లేకపోతే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా పైకీ కిందికీ దొర్లుతుంది. టేపు పాడైందని అది చూసి పారేసినవాళ్లూ ఉంటారు.

సెకనుకు యాభై

ఆటల వీడియోకు పెళ్లి వీడియోకు లేని అవసరం ఒకటుంది... వేగం. పాల్ వీడియోలో సెకనుకు 25 బొమ్మలని అంటారు కానీ, ఒక్కో బొమ్మలో రెండు సగాలుంటాయి. బేసి గీతలు ఒక క్షణంలోవి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. కంప్యూటర్ తెర మీద ఆపి చూసినప్పుడు రాకెట్ అంచు దువ్వెన పళ్లలా కనిపించేది అందుకే. దీన్ని సరిచేసే డీఇంటర్‌లేస్ పనిలో చాలామంది సగం గీతలు పారేసి 25 ఉంచుకుంటారు. కూర్చుని మాట్లాడే మనిషికి అది చాలు. స్మాష్‌కు చాలదు. రెండు సగాలనూ విడివిడి బొమ్మలుగా చేసి సెకనుకు 50 ఉంచుకుంటేనే షటిల్ తగిలిన క్షణం దొరుకుతుంది.

‘అప్పట్లోనే షాపులో వీసీడీ చేయించాంగా’ అని టేపు పారేయబోయేవాళ్లు ఆగాల్సింది ఇక్కడే. వీసీడీలో బొమ్మ 352×288 చుక్కలు, సెకనుకు 25. పూర్తి పాల్ బొమ్మ 720×576. అంటే పావు వంతు కూడా మిగల్లేదన్నమాట.

కత్తెర ఎక్కడ?

ఎక్కించిన అసలు ఫైలును కత్తిరించకూడదు. దాన్ని అలాగే దాచి, నకలు మీదే పని చేయాలి. షాట్‌కట్, డావించీ రిజాల్వ్ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. చెమట తుడుచుకునే సమయం, షటిల్ ఏరుకునే సమయం తీసేస్తే గంట మ్యాచ్ చూడదగ్గ నిడివికి వస్తుంది. పక్కన ఓ నోటుపుస్తకంలో ఏ నిమిషంలో ఏం జరిగిందో రాసుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

అయితే గెలిచిన పాయింట్లే అతికించి, పాట పెట్టి, మిగతాది చెరిపేయడం పెద్ద పొరపాటు. కోచ్‌కు కావాల్సింది ఓడిన పాయింటు. కాలు ఎక్కడ ఆలస్యమైంది, మోచెయ్యి ఎంత వంగింది అన్నది కినోవియా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసి, కోణం కొలిచి చూడొచ్చు. నాడు ఆడిన అమ్మాయి ఇవాళ తన కూతురికి రాకెట్ పట్టడం నేర్పుతుంటే, రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపొచ్చు.

పనంతా అయ్యాక ప్రతులు మూడు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మనవాళ్ల దగ్గర. ఒకే ఇంట్లో మూడూ ఉంటే వరదకు మూడూ ఒకటే.

ఆ ఆఖరి షటిల్ లోపల పడిందా, బయట పడిందా అని ఇరవయ్యేళ్లుగా వాదించుకుంటున్న ఇళ్లు ఉంటాయి. ‘లోపలే నాన్నా’ అని కూతురు, ‘గీత దాటిందమ్మా’ అని తండ్రి. వీడియో ఎక్కించి, ఆపి చూసినా గీత మసగ్గానే ఉండొచ్చు. తీర్పు దొరక్కపోవచ్చు. కానీ వాదించుకోవడానికి ఆట మిగులుతుంది. కపిల్ 175కు దక్కనిది అదే.