అబ్బాయికా, అమ్మాయికా?

సంక్రాంతి వారం మైలవరం బజారులో బొమ్మల బండి దగ్గర ఎవరు ఆగినా ముందు వినబడేది ఒకటే ప్రశ్న: "అబ్బాయికా, అమ్మాయికా?" జవాబును బట్టి జేసీబీయో, లక్కపిడతలో చేతికొస్తాయి. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు జేసీబీ కోసమే మారాం చేస్తే "చూశారా, పుట్టుబుద్ధి!" అని మురిసిపోతాం. మనం నూరిపోసిన పాఠాన్నే వాడు అప్పజెబుతుంటే ప్రకృతి పలికిందనుకునే ఈ అమాయకత్వమే నాకు చిరాకు. అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ 1966లోనే వివరించాడు: తాను ఆడో మగో మూడేళ్లకల్లా బిడ్డ చెప్పగలదు, జడ వేసినా గౌను తొడిగినా అది మారదని తెలిసేది ఆరేడేళ్లకు. ఈ రెండు వయసుల నడుమే గాజులేసుకుంటే అమ్మాయినైపోతానేమోనని అబ్బాయి బెదిరేది. అందుకే ఆ వయసు పిల్లలు పెద్దలకన్నా ఛాందసులు. ఎవరు ఏం చేయాలన్న సూత్రాలను ఇంట్లో చూసి పోగేసుకుంటారు. మన దేశపు 2024 కాలవినియోగ సర్వే ప్రకారం తమ ఇంటి పనిచేసే ఆడవాళ్లు రోజుకు దానికి వెచ్చించేది 289 నిమిషాలు, మగవాళ్లు 88. అంకెలు రాని బిడ్డకైనా ఈ తేడా కళ్లకు కడుతుంది. మైలవరం పక్కనున్న కొండపల్లి బొమ్మల్లోనూ తాటిచెట్టెక్కేది మగవాడే, దంచేది ఆడదే.

పుట్టుకతో తేడాలే లేవా అంటారు. ఉండొచ్చు. బొమ్మల ఎంపికలో తేడా రెండేళ్లు నిండకముందే కనబడుతుంది. కానీ 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం చూడండి. మహా తెలివైనవాళ్లు ఎవరంటే ఐదేళ్ల అబ్బాయిలు మగవాళ్లనూ, అమ్మాయిలు ఆడవాళ్లనూ సమానంగా చూపారు. ఆరేళ్లకే అమ్మాయిల్లో ఆ ధీమా సడలింది. ఒక్క ఏడాదిలో పుట్టుక మారదు కదా! మారింది చుట్టూ వినబడే మాట.

సరిగ్గా ఈ మూడు నుంచి ఆరేళ్ల వయసులోనే పిల్లలను మనం పంపేది అంగన్‌వాడీకి. అక్కడ టీచరూ ఆయా ఇద్దరూ ఆడవాళ్లే. టీచరుకే నెలకు రూ.11,500 ఇచ్చే ఆ జీతాలు చాలవని వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. బిడ్డల్ని సాకడం ఆడవాళ్ల పని, పైగా చవక పని అని పిల్లలకు సర్కారే చూపిస్తోంది. జీతం పెంచండి, మగవాళ్లనూ ఆ కొలువులో పెట్టండి. పుట్టుబుద్ధుల చర్చ ఆ తర్వాత చేసుకోవచ్చు.